కొండ మీది ద్రాక్షతీగ దేనికి సాక్ష్యం?

అర్జెంటీనాకు వాయవ్యాన, ఆండీస్ పర్వతాల నడుమ, ముఖ్యంగా సాల్టా రాష్ట్రంలో కాల్చాకీ లోయలున్నాయి. ప్రపంచంలో ద్రాక్ష పండే అతి ఎత్తైన నేలల్లో ఇవి కొన్ని. అక్కడి కఫాయాతే పట్టణమే సముద్రమట్టానికి దాదాపు 1,700 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఇంకా పైకి వెళ్తే, 1831లో మొదలైన కొలొమే ద్రాక్షతోట సుమారు 2,300 మీటర్ల దగ్గర వస్తుంది. అదే సంస్థకు 3,111 మీటర్ల ఎత్తున మరో తోట ఉంది. 1854లో ఫ్రాన్స్ నుంచి తెప్పించి నాటిన మాల్బెక్, కాబెర్నే సావిన్యో తీగలు కొన్ని కొలొమేలో నేటికీ కాపు కాస్తున్నాయి. మెలితిరిగి, బెరడు పొరలు పొరలుగా లేచిన ఆ ముసలి మొదళ్ళకు గుత్తులు తక్కువ. కాసే పండు చిన్నది, తొక్క దళసరి. ఆ పండు నుంచి వచ్చే రెడ్ వైన్ గాజుగ్లాసులో దాదాపు నల్లగా కనిపిస్తుంది. నోట్లో వగరు గట్టిగా పట్టుకుంటుంది, దాని వెనకే పండిన పండు తీపి, ఆ తీపిని నిలబెట్టే పులుపు తెలుస్తాయి. ఇంత చిక్కదనం ఎక్కడిది అంటే వైన్ లోకంలో చాలామంది చెప్పే జవాబు ఒక్కటే: తీగ కష్టపడింది. ఎండ, చలి, దాహం, రాతినేల దాన్ని పరీక్షించాయి కాబట్టే పండు అంత గొప్పదైంది అంటారు.

ఈ మాట తోటలో ఆగిపోతే దాని గురించి వ్యాసం రాయనక్కర లేదు. అది ప్రార్థనా మందిరాల్లోకి, ఆస్పత్రి మంచాల పక్కకి, చావు ఇళ్ళలోకి వచ్చేసింది. కష్టం మనిషిని పండిస్తుంది, దేవుడు ప్రేమించిన వాణ్ణే పరీక్షిస్తాడు, సుఖంలో పెరిగినవాడు నీళ్ళు ఎక్కువైన పండులా చప్పగా ఉంటాడు అని వింటూనే ఉంటాం. దీని వెనక పెద్ద తాత్విక సంప్రదాయమే ఉంది. లోకంలో ఇంత బాధ ఎందుకు అన్న ప్రశ్నకు రెండో శతాబ్దపు లియోన్ బిషప్ ఇరేనియస్ ఒక దారి చూపాడు: మనిషి పూర్తిగా తయారై పుట్టలేదు, ఎదగడానికి పుట్టాడు. ఆ దారినే బ్రిటిష్ తత్వవేత్త జాన్ హిక్ 1966లో తెచ్చిన ఈవిల్ అండ్ ద గాడ్ ఆఫ్ లవ్ పుస్తకంలో పూర్తి సిద్ధాంతంగా మలిచాడు. ఈ లోకం సుఖపడడానికి కట్టిన ఇల్లు కాదు, ఆత్మలు రూపు దిద్దుకునే చోటు. ప్రతిఘటన లేని లోకంలో ధైర్యం, దయ, ఓర్పు పుట్టవు అన్నది ఆ వాదం సారం. మన భాగవతం ప్రథమ స్కంధంలో కుంతి కృష్ణుణ్ణి ఆపదలే ఇమ్మని వేడుకోవడం కూడా ఈ ఆలోచనకు దగ్గరగా కనిపిస్తుంది. ఈ వాదం మొత్తం తప్పని నేను అనను. కాని కొండ మీది ద్రాక్షతీగను దానికి సాక్షిగా పిలిచినప్పుడు ఆ సాక్షి నిజంగా చెప్పేది వేరు. మంచి పండును ఇచ్చేది కష్టం కాదు, కొలత తెలిసిన సంరక్షణ. ఈ తేడా తెలియకపోతే మతం ఓదార్పు ఇవ్వాల్సిన చోట క్రూరంగా మారుతుంది.

ముందుగా ఎండ సంగతి. వెయ్యి మీటర్లు పైకి వెళ్ళేకొద్దీ అతినీలలోహిత కిరణాల తీవ్రత సుమారు 10 శాతం పెరుగుతుంది. గాలి పలచబడి ఆ కిరణాలను ఆపే శక్తి తగ్గుతుంది. అర్జెంటీనాలోనే మెండోసా ప్రాంతంలో, దాదాపు 1,500 మీటర్ల ఎత్తున ఉన్న మాల్బెక్ తోటల్లో శాస్త్రవేత్తలు దీన్ని పరీక్షించారు. కొన్ని తీగల పైన ఆ కిరణాలను అడ్డుకునే పలుచని షీట్లు కప్పారు, కొన్నింటిని ఎండకే వదిలారు. ఎండకు వదిలిన తీగల పండ్ల తొక్కలో రంగునూ వగరునూ ఇచ్చే పాలీఫినాల్ పదార్థాలు పెరిగాయి. అదే సమయంలో పండు చిన్నదైంది, దిగుబడి తగ్గింది. కాబట్టి ఎత్తుకూ చిక్కదనానికీ సంబంధం ఉన్న మాట నిజమే. కాని ఆ సంబంధం ఎలాంటిదో దగ్గరగా చూడాలి. ఆ పదార్థాలు తీగకు తగిలిన గాయం కావు, గాయం తగలకుండా తీగ తయారుచేసుకున్న కవచం. హానికర కిరణాలు లోపలి కణాలను కాల్చకముందే అవి తొక్కలో పట్టి ఆపుతాయి. ఆ కవచం చాలని చోట పండు ఎండకు మాడుతుంది. ఒక పక్క గోధుమరంగు మచ్చ పడి, తొక్క గట్టిపడి, లోపలి గుజ్జు వడలిపోతుంది. కోత తర్వాత గుత్తులను బల్ల మీద పరిచి ఏరేటప్పుడు అలాంటి పండ్లను తీసి పారేస్తారు. అంటే నిజంగా దెబ్బతిన్న పండు వైన్‌లోకి రాదు. మెచ్చుకుంటూ తాగే రంగు, వగరు దెబ్బను తట్టుకోగలిగిన పండువి. బాధే గుణాన్ని ఇస్తే మాడిన పండే అన్నిటికన్నా గొప్పది కావాలి.

నీళ్ళ సంగతి ఇంకా స్పష్టం. కాల్చాకీ లోయల్లో చాలా చోట్ల ఏడాదికి 200 మిల్లీమీటర్ల వాన కూడా గగనమే. ఆ వానతో ద్రాక్షతోట బతకదు. ఆండీస్ కొండల మీద కరిగిన మంచు నీటిని నదుల నుంచి మళ్ళించి, ఆసేకియాలు అని పిలిచే పిల్లకాలువల ద్వారా తోటలకు పారిస్తారు. ఎవరి వంతు ఎప్పుడు, ఎంతసేపు అన్నది ఊరివాళ్ళు కలిసి నిర్ణయించుకునే విషయం. బయటి నుంచి చూసేవాళ్ళకు ఎడారిలో ఒంటరిగా పోరాడుతున్న తీగ కనిపిస్తుంది. నిజానికి దాని మొదట్లో ఎవరో తవ్విన కాలువ ఉంది. నీటి కొరత పండుకు మేలు చేస్తుందన్న మాటకూ హద్దుంది. పండు రంగు తిరిగే ముందు నీరు కాస్త తగ్గితే కొమ్మ పెరుగుదల ఆగి, తీగ శక్తి గుత్తుల వైపు మళ్ళుతుంది, పండు చిన్నదై రంగు చిక్కబడుతుంది. కొరత ఆ గీత దాటితే ఆకు రంధ్రాలు మూసుకుంటాయి, పిండిపదార్థం తయారవడం నిలిచిపోతుంది, ఆకులు రాలుతాయి, పండు పండకుండానే ముడుచుకుంటుంది. సాగుశాస్త్రం ఎప్పుడూ మెచ్చుకునేది ఓ మోస్తరు కొరతనే. ఎంత ఎక్కువైతే అంత మంచిది అని ఏ తోటమాలీ అనడు. ఈ లోయల్లో పాత తోటలు చాలావరకు పందిరి మీద పెంచినవి. హైదరాబాద్ చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహీ పెంచిన రైతులకు పందిరి సాగు కొత్త కాదు. పైన ఆకులు గొడుగు పట్టగా గుత్తులు కింద నీడలో వేలాడతాయి. ఎండ వల్లే గొప్ప పండు వస్తుందనుకునే చోట, తరతరాల రైతులు కష్టపడి కట్టింది నీడను.

మూడోది వయసు. ముసలి తీగలు ఎక్కువ బాధలు చూశాయి కాబట్టే వాటి పండు లోతైనదని అంటారు. జర్మనీలోని గైజెన్‌హైమ్‌లో 1971, 1995, 2012 సంవత్సరాల్లో ఒకే తోటలో నాటిన రీస్లింగ్ తీగలను పోల్చి చూశారు. కొత్త తీగలకూ పాతవాటికీ తేడాలు కనిపించాయి గానీ, 1971 నాటివాటికీ 1995 నాటివాటికీ మధ్య చెప్పుకోదగ్గ అంతరం దొరకలేదు. వయసు దానంతట అదే పండుకు ఏదో మహిమ అద్దుతుందనడానికి ఆధారం బలంగా లేదు. అయినా ముసలి తీగకు ఒక నిజమైన బలం ఉంది. ఏళ్ళ తరబడి లావెక్కిన మొదలు, లోతుగా పాకిన వేర్లు పిండిపదార్థాన్ని నిల్వ చేసుకుంటాయి. వాన తప్పిన ఏడు, వసంతంలో మంచు కురిసిన ఏడు, ఆ నిల్వే తీగను కాపాడుతుంది. లేత తీగ అదే కరవుకు విలవిల్లాడుతుంది. కాబట్టి ముసలి తీగ ప్రతి ఏటా నిలకడగా పండు ఇస్తున్నది ఎక్కువ బాధపడినందుకు కాదు, తక్కువ బాధపడే స్థితికి చేరుకున్నందుకు. మనుషుల్లోనూ ఇదే చూస్తాం. ఒకే కష్టం ఇద్దరి మీద పడితే ఒకరు నిలబడతారు, మరొకరు కూలిపోతారు. నిలబడిన మనిషి వెనక తరచుగా ఇంటి అండ, కాస్త పొదుపు, చదువు, ఆదుకునే బంధువు, చిన్నప్పుడు దొరికిన ప్రేమ ఉంటాయి. మనం ఆ నిల్వను చూడకుండా గొప్పదనాన్ని కష్టం ఖాతాలో రాస్తాం.

ఇక్కడే ఇంకో తప్పు లెక్క ఉంది. నూటడెబ్బై ఏళ్ళు నిలిచిన తీగను చూసి కష్టం దాన్ని గట్టిపరిచిందంటాం, నిలవని తీగలు మన కళ్ళకు కనిపించవు కాబట్టి. మాల్బెక్ పుట్టిల్లు నైరుతి ఫ్రాన్స్‌లోని కావోర్ ప్రాంతం. అక్కడ 1956 ఫిబ్రవరిలో వచ్చిన మంచు దెబ్బకు తోటల్లో అధిక భాగం చచ్చిపోయింది. ఆ తీగలకు కష్టం తక్కువై చావలేదు. అంతకు ముందు, 1860ల నుంచి వేరును పీల్చే ఫిలాక్సెరా పురుగు ఫ్రాన్స్ తోటలను తుడిచిపెట్టింది. అమెరికా జాతి వేర్ల మీద అంటు కడితే తప్ప అక్కడ ద్రాక్ష తిరిగి నిలబడలేదు. అంతకుముందే సముద్రం దాటి వచ్చిన తీగలు అర్జెంటీనా ఇసుకనేలల్లో సొంత వేర్లతోనే బతికాయి. ఇసుకలో ఆ పురుగు నిలదొక్కుకోలేకపోవడం అందుకు ముఖ్య కారణం. అంటే వాటిని కాపాడింది వాటి ఓర్పు కాదు, అవి చేరిన నేల. ఆ తర్వాత అర్జెంటీనాలోనే, ముఖ్యంగా మెండోసాలో, ధర పడిపోయి వేల హెక్టార్ల మాల్బెక్‌ను పీకేశారు. 1960ల్లో 50 వేల హెక్టార్లకు పైగా ఉన్న పంట 1990ల నాటికి 10 వేల దగ్గరికి వచ్చింది. పీకేసిన తీగలు మిగిలినవాటికన్నా అల్పమైనవి కావు. కొన్ని తోటల యజమానులు పీకకూడదనుకున్నారు, అంతే. బతికి బట్టకట్టిన వాటిని వరసలో నిలబెట్టి కష్టాన్ని పొగడడం, చచ్చిపోయిన వాటి సాక్ష్యాన్ని వినకుండానే తీర్పు చెప్పడం.

వీటన్నిటికన్నా లోతైన ప్రశ్న ఒకటి ఉంది: పండు గొప్పది అంటే ఎవరికి గొప్పది? తీగకు తనదైన మేలు ఉంది. వేరు, ఆకు క్షేమంగా ఉండాలి; పండును పక్షులు తిని గింజను దూరం మోసుకెళ్ళాలి. రంగు, వగరు, చిక్కదనం కలిసి నాలుక మీద ఎలా ఆడతాయన్నది తీగకు సంబంధించిన విషయం కాదు. అది తాగేవారి కొలమానం. తీగ దిగుబడి తగ్గి, ఆకు చిన్నదై, పెరుగుదల ఆగినప్పుడు మనకు దొరికేది మంచి వైన్. దానికి దొరికేది తక్కువ బతుకు. తీగకు మనసు లేదు గనక ఇందులో అన్యాయం లేదు. కాని ఈ లెక్కను మనిషికి వర్తింపజేసినప్పుడు ఏం జరుగుతుందో చూడండి. బాధ పడేది ఒకరు, ఆ బాధలోంచి వచ్చిన ఓర్పును, వినయాన్ని, స్ఫూర్తి కథను అనుభవించేది మరొకరు. నోరెత్తని కోడలి సహనాన్ని కుటుంబం మెచ్చుకుంటుంది. పస్తులుండి చదివిన కుర్రాడి కథను సభలో చెప్పి చప్పట్లు కొడతారు. మనిషిని కేవలం సాధనంగా వాడుకోకూడదన్న తత్వవేత్త కాంట్ సూత్రం ఇక్కడ సూటిగా తగులుతుంది. ఒకరి బాధకు సమర్థన ఉంటే అది ఆ మనిషికే, ఆ మనిషి జీవితంలోనే దొరకాలి. చుట్టూ ఉన్నవాళ్ళ ఆత్మలు పండడం కోసం ఒక బిడ్డ జబ్బుపడాలని కోరే దేవుణ్ణి మంచివాడనడానికి మాటలు చాలవు. హిక్‌కు ఈ చిక్కు తెలుసు. అందుకే ఈ లోకంలో పూర్తికాని ఎదుగుదల మరణం తర్వాత పూర్తవుతుందని అతను తన సిద్ధాంతంలో చేర్చాల్సి వచ్చింది. అంటే ఈ జీవితంలో కనిపించే సాక్ష్యం ఒక్కటే తన వాదాన్ని నిలబెట్టదని ఆ సిద్ధాంతకర్తే ఒప్పుకున్నాడు.

అదే లోయ చరిత్రలో మనుషుల మీద పడిన కష్టం కూడా ఉంది. కాల్చాకీ లోయల మూలవాసులు స్పెయిన్ పాలనను శతాబ్దానికి పైగా ఎదిరించారు. కఫాయాతేకు దక్షిణాన, నేటి తుకుమాన్ రాష్ట్రంలో, కొండవాలున రాళ్ళతో కట్టిన కిల్మెస్ ప్రజల ఊరి శిథిలాలు ఇప్పటికీ ఉన్నాయి. 1660లలో వాళ్ళు ఓడిపోయాక, వందల కుటుంబాలను ఆ లోయ నుంచి పెకలించి, వెయ్యి కిలోమీటర్లకు పైగా కాలినడకన బ్యూనస్ ఐరిస్ దగ్గరకు తోలారు. దారిలోనే ఎంతోమంది చనిపోయారు. చేరినవాళ్ళను 1666లో ఒక మత శిబిరంలో ఉంచారు. ఆ శిబిరానికి పెట్టిన పేరులో పరిశుద్ధ శిలువ మహిమ ఉంది. 1812లో దాన్ని రద్దుచేసే నాటికి ఆ జాతి అక్కడ దాదాపు కనుమరుగైంది. ఇప్పుడు ఆ చోట వాళ్ళ పేరుతో ఒక నగరం ఉంది. కష్టం పండిస్తుందన్న సిద్ధాంతం చేతబట్టుకుని ఈ చరిత్ర ముందు నిలబడితే ఏం చెప్పగలం? ఆ నడక వాళ్ళకు ఏ గుణాన్ని ఇచ్చింది? గుణం నిలవడానికి మనిషి బతికి ఉండాలి, ఆ గుణాన్ని అందుకోవడానికి ఒక సంతతి ఉండాలి. ఆ శిబిరంలో ఆ రెండూ దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. అన్నిటికన్నా కలతపెట్టేది ఆ శిబిరం పేరే. క్రైస్తవంలో శిలువ దేవుడు తానే ఎంచుకుని మోసిన బాధకు గుర్తు. దాన్ని ఇతరులకు విధించిన బాధ మీద పేరుగా అతికించారు. కొలత, సంరక్షణ రెండూ లేని కష్టానికి పవిత్ర నామం తొడిగితే మతం ఎంత దూరం దారి తప్పగలదో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

నా వాదనకు మొదటి అభ్యంతరం బైబిల్ నుంచే వస్తుంది. యోహాను సువార్త 15వ అధ్యాయంలో తండ్రిని తోటమాలిగా, క్రీస్తును ద్రాక్షవల్లిగా చెప్పారు. ఫలించే కొమ్మ ఇంకా ఎక్కువ ఫలించడానికి తోటమాలి దాన్ని కత్తిరించి శుభ్రం చేస్తాడు. మరి కత్తిరించడం బాధ కాదా? నిజమే, కాని కత్తిరింపులు ఎలా జరుగుతాయో తెలిసినవారికి ఆ పోలికలో ఇంకో అర్థం కనిపిస్తుంది. కాల్చాకీలో తీగలు నిద్రలో ఉండే చలికాలంలో, అంటే జులై, ఆగస్టుల్లో, ప్రతి కొమ్మ మీద ఎన్ని కళ్ళు ఉంచాలో లెక్కపెట్టి కత్తిరిస్తారు. మన దక్కను నేలలో తీగకు శీతనిద్ర లేదు కాబట్టి వేసవి మొదట్లో ఒకసారి, అక్టోబరు ప్రాంతంలో మరోసారి కత్తిరిస్తారు, ఆ తర్వాత నీరూ ఎరువూ చూసుకుంటారు. ప్రతి కోతకూ కాలం, కారణం, తర్వాతి బాధ్యత ఉన్నాయి. నరికివేతకూ కత్తిరింపుకూ తేడా ఇదే. యెషయా గ్రంథం 5వ అధ్యాయం ఇంకా స్పష్టం. అక్కడ తోట యజమాని నేల తవ్వి, రాళ్ళు ఏరి, మేలైన తీగలు నాటి, కావలి బురుజు కట్టాడు. తోట చెడు కాయలు కాసినప్పుడు అతను ప్రకటించిన శిక్ష కంచె తీసేయడం, కత్తిరింపులు ఆపేయడం, వాన కురవకుండా చేయడం. అంటే ఆ రూపకంలో పోషణ లేని స్థితి తోటను పండించే పద్ధతి కాదు, తోట నాశనమయ్యే పద్ధతి. ద్రాక్షతోటను బాగా ఎరిగిన ఆ సమాజం తన గ్రంథంలో రాసుకున్నది నేటి తోటమాలి చెప్పే మాటే.

రెండో అభ్యంతరం మన సంప్రదాయం నుంచి. తపస్సు అంటే ఏమిటి, కోరి తెచ్చుకున్న కష్టమే కదా. ఋషులు, సాధకులు ఒళ్ళు ఎండగట్టుకునే కదా ఎదిగారు అని అడగవచ్చు. ఈ అభ్యంతరంలో బలం ఉంది, కాని జవాబు అందులోనే ఉంది. తపస్సును చేసేవాడే ఎంచుకుంటాడు, ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎప్పుడు ఆపాలో అతని చేతిలో ఉంటుంది, ఎందుకు చేస్తున్నాడో అతనికి తెలుసు. ఉపవాసం ఉన్నవాడికీ అన్నం దొరకనివాడికీ కడుపులో మంట ఒకటే కావచ్చు, కాని అవి ఒకే అనుభవం కావు. పైగా మన గ్రంథాలే తపస్సుకు హద్దు గీశాయి. భగవద్గీత 17వ అధ్యాయంలో కృష్ణుడు శరీరాన్ని హింసించే ఘోర తపస్సును ఆసుర స్వభావంగా చెప్పి, ఆత్మహింసతోనో ఇతరుల నాశనం కోరో చేసే తపస్సును తామసం అన్నాడు. సిద్ధార్థుడు ఆరేళ్ళు కఠోర నియమాలతో ఎముకల గూడుగా మారి, ఆ దారిలో జ్ఞానం లేదని తేల్చుకుని, ఆహారం తీసుకుని మధ్యమార్గానికి వచ్చాడు. కష్టాన్ని సాధనగా అందరికన్నా లోతుగా పరీక్షించినవాళ్ళు చెప్పిన చివరి మాట కొలత గురించే. తాను ఎంచుకున్న కొలిచిన కష్టం సాధన. ఇతరుల మీద రుద్దిన కొలత లేని కష్టం హింస. రెండింటికీ ఒకే పేరు పెట్టి మొదటిదాని గౌరవాన్ని రెండోదానికి కట్టబెట్టకూడదు.

మూడో అభ్యంతరం అన్నిటికన్నా గౌరవించదగ్గది. కష్టాలు దాటివచ్చిన మనుషులే చాలామంది, ఆ రోజులే నన్ను మనిషిని చేశాయి అని చెబుతారు. వాళ్ళ మాటను కాదనడానికి మనమెవరం? కాదనక్కర్లేదు. తన బాధకు తాను అర్థం వెతుక్కోవడం మనిషికున్న గొప్ప శక్తి, ఆ అర్థం అబద్ధం కానక్కర లేదు. కాని ఆ మాట ఎవరు అంటున్నారన్నదే ఇక్కడ కీలకం. కుంతి ఆపదలను కోరింది తన కోసం, తన నోటితో, కృష్ణుడి ముందు. లక్క ఇల్లు, అడవులు, యుద్ధం అన్నీ దాటివచ్చిన మనిషికి ఆ ప్రార్థన చేసే అధికారం ఉంది. అదే మాటను ఎవరో వచ్చి, కొడుకును పోగొట్టుకున్న తల్లితో, నీ మంచికే అమ్మా అని చెబితే ఆ మాట విషమవుతుంది. బైబిల్‌లోని యోబు గ్రంథంలో యోబు స్నేహితులు సరిగ్గా ఇదే చేశారు. బూడిదలో కూర్చున్న యోబు ముందు దేవుడి తరఫున వకాల్తా పుచ్చుకుని, బాధకు కారణాలు, ప్రయోజనాలు వివరించారు. నీ శిక్షణ కోసమే ఇది అన్న మాట కూడా వాళ్ళ నోట ఉంది. కథ చివర్లో దేవుడి కోపం తనను నిలదీసిన యోబు మీద కాదు, తనను సమర్థించిన ఆ స్నేహితుల మీద. దేవుడి గురించి సరిగా మాట్లాడినవాడు యోబే అన్నది అక్కడి తీర్పు. బాధకు అర్థం ఉందని చెప్పే హక్కు బాధపడినవారిది. పక్కనున్నవారిది ఆ బాధను తగ్గించే పని.

చివరిగా విశ్వాసి ఒకరు ఇలా అనవచ్చు: కొలత మనకు కనిపించకపోయినంత మాత్రాన లేదని కాదు, దేవుడి కొలత మన బుద్ధికి అందదు, లేదా ఇది పూర్వజన్మ కర్మఫలం, దానికీ ఒక లెక్క ఉంది. ఆ విశ్వాసాన్ని ఖండించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. కాని అప్పుడు ద్రాక్షతీగ సాక్ష్యం పక్కకు పోవాలి. కంటికి కనిపించే కొలత, కంటికి కనిపించే తోటమాలి ఉన్న చోటు నుంచి పోలిక తెచ్చి, ఆ రెండూ కనిపించని చోట వాడడం న్యాయం కాదు. కర్మ వాదమైతే వేరే ప్రశ్నకు జవాబు. అది బాధ ఎందుకు వచ్చిందో చెబుతుంది గానీ బాధ మంచిదని చెప్పదు. బాధ పడేవాడికి సాయం చేయడం ఆ వాదంలోనూ ధర్మమే. ఇంకో మాట: దేవుడి కొలత మనకు తెలియదని నిజంగా నమ్మితే, ఇతరుల కష్టం విషయంలో మనం ఆ కొలత తెలిసినట్టు ప్రవర్తించకూడదు. ఎంత దాహం తీగకు మేలు చేస్తుందో తెలియని కొత్త తోటమాలి ఏం చేయాలి? నీరు పెట్టాలి. పొరపాటు జరిగినా, చప్పని పండు వచ్చే పొరపాటు ఎండిన తీగ మిగిలే పొరపాటు కన్నా చిన్నది. తెలియనితనం మనల్ని ఉదాసీనత వైపు కాదు, జాగ్రత్త వైపు నడిపించాలి.

ఇదంతా మాటల గొడవ కాదు. కష్టమే పండిస్తుందని నమ్మే సమాజానికి కష్టాన్ని తగ్గించాల్సిన తొందర ఉండదు. బడికి నడిచి వెళ్ళే పిల్లలకు బస్సు అక్కర్లేదు, నడకే గట్టిపరుస్తుంది అంటుంది. కరవులో రైతుకు సాయం అక్కర్లేదు, రాటుదేలతాడు అంటుంది. రోగికి నొప్పి తగ్గించే మందు కన్నా ఓర్పు గురించిన ఉపన్యాసం ముందు అందుతుంది. కొలత తెలిసిన సంరక్షణే పండిస్తుందని నమ్మే సమాజం కూడా పిల్లలకు కష్టమైన లెక్కలు ఇస్తుంది, కఠినమైన క్రమశిక్షణ నేర్పుతుంది, సాధకుడి ఉపవాసాన్ని గౌరవిస్తుంది. కాని ప్రతిసారీ మూడు ప్రశ్నలు వేస్తుంది: ఈ కష్టాన్ని ఎవరు ఎంచుకున్నారు, దాని కొలత ఎవరి చేతిలో ఉంది, దాని ఫలం ఎవరికి? ఈ ప్రశ్నలకు జవాబు లేని కష్టాన్ని అది పవిత్రం అనదు, పోగొట్టాల్సినది అంటుంది. ఎత్తైన నేలలో, రెండు శతాబ్దాలకు దగ్గరగా, ఎందరో మనుషులు కాలువ తవ్వి, పందిరి కట్టి, కళ్ళు లెక్కపెట్టి కత్తిరించి కాపాడుకున్న తీగలు ఇచ్చే ఆ చిక్కని వైన్‌ను మతం తన ప్రసంగంలోకి తెచ్చుకోదలిస్తే, దానికి ఆ హక్కు ఉంది. అయితే ప్రసంగం తీగ ఓర్పు గురించి కాక తోటమాలి బాధ్యత గురించి సాగాలి. దేవుణ్ణి తోటమాలి అని పిలిచే ప్రతి విశ్వాసీ, తన పొరుగువారి జీవితంలో ఆ తోటమాలి పనిలో తన వంతు ఏమిటో అడగాలి. బాధకు కారణం తెలియని చోట కూడా ఆ ప్రశ్నకు జవాబు ఉంటుంది, చేయాల్సిన పని ఉంటుంది.